మరైమలై నగర్‌లో ఉద్యోగం, ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

అడిగినవారు: అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. మరైమలై నగర్‌లో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరాలి. తమిళం ఒక్క ముక్క రాదు, కొంచెం టెన్షన్‌గా ఉంది. కంపెనీ పక్కనే ఇల్లు తీసుకోమని హెచ్‌ఆర్ వాళ్లు అంటున్నారు. చెన్నైలో ఉంటున్న మనవాళ్లు కాస్త చెప్పండి.

గూడువాంచేరి నుంచి: తమ్ముడూ, కంపెనీ పక్కన వద్దు, స్టేషన్ పక్కన చూసుకో. ఈ దారిలో కార్ల కంపెనీలు వస్తుంటాయి, పోతుంటాయి. చెన్నై బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా కరెంటు రైలు మాత్రం 1931లోనే మొదలైంది. అప్పుడది మీటర్ గేజి. 2004 దాకా ఆ చిన్న పట్టాల మీదే లోకల్ నడిచింది.

ఇదే లైనులో తాంబరం దాటగానే వచ్చే పెరుంగళత్తూరు సంగతే తీసుకో. స్టాండర్డ్ మోటార్స్ ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. 1960లలో రోడ్ల మీద కనిపించిన స్టాండర్డ్ హెరాల్డ్ వాళ్లదే. 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు తెచ్చారు. బాడీ ఇంగ్లండ్ రోవర్‌ది, లోపల ఇంజను మాత్రం వాళ్ల పాత కారు వాన్‌గార్డ్‌ది! ధర చూస్తే ఆకాశంలో, పెట్రోలు మంచినీళ్లలా తాగేది. ఎవరు కొంటారు? మూడు నాలుగేళ్లకే మూతపడింది. ఇప్పుడా స్థలంలో ఐటీ పార్కు, అపార్ట్‌మెంట్లు లేచాయి. రైలు అక్కడ ఆగుతూనే ఉంది.

మీ మరైమలై నగర్ కథా అంతే. తమిళ పండితుడు మరైమలై అడిగళ్ పేరుతో, చెన్నై మీద జనం ఒత్తిడి తగ్గించడానికి కట్టిన కొత్త ఊరది. ఫోర్డ్ వచ్చాకే దాని పేరు నలుగురికీ తెలిసింది. 1999లో ఐకాన్, తర్వాత ఫిగో, ఎకోస్పోర్ట్ అక్కడే తయారయ్యాయి. 2021 సెప్టెంబరులో తయారీ ఆపేస్తున్నామన్నారు, 2022 జూలైలో చివరి కారు బయటికొచ్చింది. ఎగుమతుల కోసం మళ్లీ తెరుస్తామని 2024లో ప్రభుత్వానికి లేఖ ఇచ్చారు. ఒక్క కంపెనీ గేటును నమ్ముకుని ఇంటికి అడ్వాన్స్ కట్టొద్దనేది అందుకే. రేపు నువ్వు ఉద్యోగం మారి పరనూరు పక్కన మహీంద్రా వరల్డ్ సిటీకి వెళ్లినా అదే లైను.

గూడువాంచేరి, పొత్తేరి, కాట్టాంగుళత్తూరు, మరైమలై నగర్, సింగపెరుమాళ్ కోయిల్. చెంగల్పట్టు వైపు స్టేషన్ల వరస ఇది. కుటుంబంతో వస్తుంటే గూడువాంచేరి బాగుంటుంది. పొత్తేరిలో కాలేజీ పిల్లలు ఎక్కువ, అద్దెలూ వాళ్లను బట్టే ఉంటాయి.

ఇంకొకరు: ఒరగడం, శ్రీపెరుంబుదూరు వైపు ఇంకా పెద్ద కంపెనీలు ఉన్నాయి కదా అన్నా? రెనో, హ్యుందాయ్ అన్నీ అటే.

గూడువాంచేరి నుంచి: ఉన్నాయి. కానీ మనిషి ఎక్కడానికి అక్కడ రైలు లేదు. ఆవడి, శ్రీపెరుంబుదూరు, గూడువాంచేరి కలిపే లైను ఏళ్ల తరబడి కాగితాల మీదే నలుగుతోంది. తమాషా ఏంటంటే కార్లకు మాత్రం రైలుంది. వాలాజాబాద్‌లో గూడ్స్ బండ్లకెక్కించి ఉత్తరాదికి పంపుతారు. పాత ప్యాసింజర్ పెట్టెలకే కిటికీలు మూసేసి, చివర తలుపులు పెట్టి వాడతారు. కార్లు ఒకదాని వెనక ఒకటి బండి ఈ చివర నుంచి ఆ చివరకు లోపల్లోపలే నడుచుకుంటూ పోతాయి. వాటిని చేసిన మనిషి మాత్రం కంపెనీ బస్సులో ట్రాఫిక్‌లో కూర్చోవాలి.

తాంబరం నుంచి: బాబూ, ఒంగోలు నుంచి సెంట్రల్‌లో దిగితే రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కి వెళ్లు, అక్కడ చెంగల్పట్టు లోకల్ ఎక్కు. ముందొచ్చిన బండి ఎక్కేయకు, చాలా బండ్లు తాంబరంతోనే ఆగిపోతాయి. బోర్డు చూసుకో. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ దొరికితే అసలు సెంట్రల్ గొడవే ఉండదు, తాంబరం దాకా వస్తుంది.

భాష గురించి బెంగపడకు. చెంగల్పట్టు చుట్టుపక్కల తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. యాస వేరుగా ఉంటుంది గానీ అంతా అర్థమవుతుంది. కూరగాయల కొట్లో నిలబడి ‘వీడు మోసం చేస్తున్నాడే’ అని పక్కవాళ్లతో తెలుగులో గొణిగావనుకో, ‘ఎంతకిస్తే మోసం కాదో మీరే చెప్పండి సార్’ అని అతనే తెలుగులో అడుగుతాడు.

అడిగినవారు: చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. గూడువాంచేరిలో రెండు గదుల ఇల్లు ఆదివారం వచ్చి చూస్తాను.

గూడువాంచేరి నుంచి: ఆదివారం లోకల్స్ తక్కువ, పొద్దున్నే బయల్దేరు. అడ్వాన్స్ ఎన్ని నెలలదో, కరెంటు యూనిట్‌కి ఎంత తీసుకుంటారో ముందే అడుగు. ఇంటి ఓనరుతో నేను తమిళంలో మాట్లాడతాలే.