అప్‌డేట్: మా మందిరం ఉప్పెనకు ముందుదా, తర్వాతదా? తేలింది

దివిసీమలోని మా ఊరి ప్రార్థన మందిరం 1977 నవంబరు 19 ఉప్పెనకు ముందే ఉందని కొందరు పెద్దలు, తర్వాతే కట్టారని మరికొందరు అంటున్నారని, సంఘం జ్ఞాపకాల పుస్తకంలో ఏది రాయాలో తోచడం లేదని రెండు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ వందనాలు.

పనికొచ్చింది "సంవత్సరం అడగకండి, ఆ రాత్రి ఎక్కడ కూర్చున్నారో అడగండి" అన్న సలహా. ఒక మామ్మగారు వెంటనే అందుకున్నారు: "కూర్చోవడమేమిటి నాయనా! నడుములోతు నీళ్లలో కిటికీ ఊచ పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డాం. తాటాకు కప్పు ఎప్పుడో ఎగిరిపోయింది."

తాటాకా? ఇప్పుడున్నది శ్లాబు! మేస్త్రీని పిలిచి గోడ మూలన పెచ్చు కొట్టించాం. కిటికీ పైమట్టం వరకు సున్నపు కట్టుబడి, ఆపైన సిమెంటు. అంటే గోడలు పాతవే, పైభాగమూ కప్పూ ఉప్పెన తర్వాతవి. రెండు పక్షాలదీ నిజమే. ఇన్నేళ్లూ ఊరికే పోట్లాడుకున్నారు.

భూమి రికార్డుల కోసం తిరిగిన తిరుగుడంతా దండగ. వాటిలో స్థలం తప్ప కట్టడం ఊసే లేదు. నేను ఆశపెట్టుకున్న శిలాఫలకమేమో ప్రహరీగోడదట.

ఆ కిటికీ ఊచ ఇప్పటికీ ఉంది, మధ్యలో కాస్త వంగి. దానికి రంగు వేయవద్దని పాస్టరు గారు చెప్పారు.