సికింద్రాబాద్‌లో కోర్ట్ మార్షల్, హోబార్ట్‌లో ఖైదు: మా మామగారి పూర్వీకుడి మిలిటరీ రికార్డులు ఎక్కడ వెతకాలి?

హోబార్ట్ అల్లుడు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిక పట్టండి. మాది అల్వాల్. ఉద్యోగానికని ఆస్ట్రేలియా వచ్చి, ఇక్కడి అమ్మాయినే చేసుకుని, పదకొండేళ్లుగా హోబార్ట్‌లో ఉంటున్నా. మా మామగారికి రిటైర్ అయినప్పటి నుంచి వంశవృక్షం పిచ్చి పట్టుకుంది. బ్రిటన్ అప్పట్లో శిక్షపడ్డవాళ్లని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకి పంపేది కదా, ఆయన ముత్తాతకి నాన్న అలా ఖైదీగా ఈ దేశం వచ్చాడని ఇంట్లో అందరికీ తెలుసు (ఇప్పుడు ఇక్కడ అది దాచుకునే సంగతి కాదు, భోజనాల దగ్గర గొప్పగానే చెప్పుకుంటారు). ఖైదీ కాకముందు సైనికుడని, వాటర్లూలో నెపోలియన్ సైన్యంతో పోరాడాడని కూడా అంటారు. నేను కంప్యూటర్ మనిషిని కదా అని వెతికే పని నా మీద పడింది.

లైబ్రరీస్ టాస్మేనియా సైట్‌లో ఖైదీల రికార్డులన్నీ ఉచితంగానే ఉన్నాయి. పేరు కొట్టగానే కాన్ 33 అనే వరుసలో ఆయన పేజీ వచ్చింది. చదువుకుంటూ పోతుంటే, విచారణ ఎక్కడ జరిగింది అనే చోట సికింద్రాబాద్ అని ఉంది! గుమాస్తా స్పెల్లింగ్‌లో రెండక్షరాలు మింగేశాడు కానీ అది మన సికింద్రాబాదే. నేను ఇంటర్ చదివింది ప్యాట్నీ దగ్గర. అర్ధరాత్రి మా ఆవిడని లేపి మరీ చూపించా.

పేజీలో ఉన్నవి ఇవీ: 1843లో కోర్ట్ మార్షల్, శిక్ష 14 ఏళ్లు. నేరం ఆయన మాటల్లోనే రాసుకున్నారు, ‘మా సార్జెంట్‌ని కొట్టాను’ అని. వయసు 28, సొంత ఊరు ఐర్లండ్‌లోని కార్క్, రోమన్ కాథలిక్, చదవడం వచ్చు, రాయడం రాదు, వృత్తి కూలి. ఒంటి మీద గుర్తులు: కుడి ముంజేతికి లంగరు పచ్చబొట్టు, ఎడమ పక్కటెముకల వైపు ‘డి’ అనే అక్షరం. అది పాత ప్రియురాలి పేరులో మొదటి అక్షరమని మా అత్తగారి థియరీ. రెజిమెంట్ నంబర్ ఉన్నచోట మాత్రం సరిగ్గా సిరా మరక.

ఇప్పుడు సమస్య ఏంటంటే, బ్రిటిష్ సైన్యం కాగితాలు దొరకడం లేదు. అందరూ చెప్పే డబ్ల్యూఓ 97 (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీస్, వాళ్ల ఫైళ్ల వరుస నంబర్ ఇది), అంటే చెల్సీ పింఛనుదార్ల డిశ్చార్జ్ కాగితాలు, నాలుగు నెలలు గాలించా. అదే పేరుతో నలుగురున్నారు, ఒకడిది కార్కే, కానీ అతను 1856లో పింఛనుతో డిశ్చార్జ్ అయ్యాడు. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక రీసెర్చర్‌కి డబ్బు కడితే అతను ఆ కాగితమే తిరిగి నాకు పంపి ‘ఇతనే మీవాడు’ అన్నాడు. హెచ్ఓ 11 అనే ఖైదీల ఓడల రిజిస్టర్‌లోనూ మావాడి పేరు లేదు. అసలు సైనికుడేనా, లేక ఇదంతా మామగారి ఇంటి కథేనా?

క్యూలైన్ పద్మ:

అండీ, ముందు ఆ పింఛను కాగితాలు మూసెయ్యండి. నేను లండన్‌లో ఉంటా, క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి తరచూ వెళ్తుంటా (పేరు చూసి నవ్వకండి, ఆ ఊరి పేరే క్యూ, మా ఆయన రోజూ ఇదే జోకు వేస్తారు). ఇలాంటి కేసుల్లో అందరూ జారిపడేది ఇక్కడే. డబ్ల్యూఓ 97లో ఉండేది ముఖ్యంగా పింఛనుతో బయటికొచ్చినవాళ్ల కాగితాలు. శిక్ష పడి ఓడెక్కినవాడికి పింఛనెక్కడిది? పింఛను లేకపోతే ఆ కట్టలో అతని కాగితం ఉండదు. 1856లో పింఛను తీసుకున్న కార్క్ మనిషి మీవాడు కానే కాదు, అప్పటికి మీవాడు మీ ఊళ్లో 14 ఏళ్ల శిక్షలో ఉన్నాడు. ఆ రీసెర్చర్ దగ్గర డబ్బు వెనక్కి అడగండి. ఒకవేళ సైన్యం నుంచి బుద్ధిగా పింఛనుతో వచ్చేసి, తర్వాత ఊళ్లో గొర్రెను దొంగిలించి శిక్షపడ్డవాడైతే అప్పుడు డబ్ల్యూఓ 97 పనికొచ్చేది. మీది ఆ కేసు కాదు.

హెచ్ఓ 11లో పేరు లేకపోవడమూ మామూలే. అది ముఖ్యంగా బ్రిటన్ నుంచి బయల్దేరిన ఓడల లెక్క. ఇండియాలో శిక్షపడ్డ సైనికుల్ని చాలాసార్లు ఇండియా రేవుల నుంచే, సరుకు ఓడల్లో ఇద్దరు ముగ్గురు చొప్పున, నేరుగా సిడ్నీకో హోబార్ట్‌కో పంపేవాళ్లు. వాళ్ల లెక్క దిగిన చోటే ఉంటుంది, అంటే మీ దగ్గరే.

వాటర్లూ సంగతి మామగారికి మెల్లగా చెప్పండి. 1843లో 28 ఏళ్లంటే పుట్టింది 1815 ప్రాంతంలో. వాటర్లూ యుద్ధం జరిగింది 1815 జూన్‌లో. ఉయ్యాల్లోంచి పోరాడి ఉండాలి.

ఇక ఆ ‘డి’. అత్తగారికి ఇది కూడా మెల్లగానే చెప్పాలి. పారిపోయి పట్టుబడ్డ సైనికుడి ఒంటి మీద, ఎడమ చంకకి రెండు అంగుళాల కింద, అంగుళానికి తగ్గకుండా ‘డి’ అక్షరం వెయ్యమని సైనిక చట్టంలోనే ఉండేది. డి అంటే డిజర్టర్. సూదులతో పొడిచి సిరానో తుపాకిమందో రుద్దేవాళ్లు, పచ్చబొట్టు వేసినట్టే. 1871లో గానీ ఈ పద్ధతి పోలేదు. మీకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఇంకోటి లేదు, మీవాడు సైనికుడే, పైగా సార్జెంట్‌ని కొట్టకముందే ఒకసారి పారిపోయాడు.

ఇప్పుడు రెజిమెంట్ తేల్చాలి. బ్రిటిష్ సైన్యం రికార్డులు చాలావరకు రెజిమెంట్ వారీగా ఉంటాయి, నంబర్ తెలియకపోతే గడ్డివాములో సూది. ఫైండ్‌మైపాస్ట్ అనే వంశవృక్షాల సైట్‌లో 1841 నాటి సైనికుల సూచిక ఒకటుంది, ప్రపంచం మొత్తం మీద బ్రిటిష్ సైన్యంలో ఉన్నవాళ్లది, మస్టర్ రోల్స్ చూసి తయారుచేసింది. మీవాడి విచారణకి రెండేళ్ల ముందుది కాబట్టి అందులో దొరకాలి. దొరికితే డబ్ల్యూఓ 12లో ఆ రెజిమెంట్ మస్టర్లు తియ్యాలి. మస్టర్ అంటే మన ఉపాధి హామీ మస్టర్ లాంటిదే, ఎవరు పనిలో ఉన్నారు, ఎన్ని రోజులు, ఎంత కూలి. ఇక్కడ మూడు నెలలకొకటి. ముఖ్యంగా చూడాల్సింది పుస్తకం చివర ఉండే లిస్టు, ఆ మూడు నెలల్లో చనిపోయినవాళ్లు, పారిపోయినవాళ్లు, శిక్షపడి పోయినవాళ్లు అందులో ఉంటారు, పుట్టిన ఊరు, చేతిపని, చేరిన తేదీతో సహా. మీకు కావాల్సిందంతా ఆ ఒక్క వరుసలో ఉంటుంది.

కోర్ట్ మార్షల్‌కి డబ్ల్యూఓ 90 చూడండి, విదేశాల్లో జరిగిన జనరల్ కోర్ట్ మార్షల్స్ రిజిస్టర్. పేరు, రెజిమెంట్, ఎక్కడ విచారణ, ఆరోపణ, శిక్ష. ఒక్క వరుసే ఉంటుంది, అందులో కథ ఏమీ ఉండదు, కానీ తేదీ దొరుకుతుంది.

సూచికలో దొరక్కపోతే ఒక అనుమానం పెట్టుకోండి: రాణిగారి రెజిమెంట్ కాకుండా ఈస్టిండియా కంపెనీ సొంత యూరోపియన్ పటాలం అయ్యుండొచ్చు. అప్పుడు క్యూకి వచ్చి లాభం లేదు, బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్ చూడాలి. మద్రాసు సైన్యం కాగితాలు అక్కడ ఎల్/మిల్/11 వరుస.

కార్ఖానా కుర్రాడు:

అన్నా, నేను సికింద్రాబాద్‌లో కార్ఖానా ఏరియాలోనే ఉంటా, పాత కంటోన్మెంట్ సంగతులంటే పిచ్చి. ఒక మాట. మీ మామగారు రేపు ఇక్కడికొచ్చి తాతగారు ఉన్న బ్యారక్ చూపించమంటే తిరుమలగిరి తీసుకెళ్లొద్దు, అందరూ చేసే తప్పు అదే. తిరుమలగిరి వైపు గోడలూ బ్యారకులూ 1857 తిరుగుబాటు తర్వాత కట్టినవి. 1843లో తెల్ల సైనికులు ఉన్నది కింద, పరేడ్ గ్రౌండ్స్ వైపు పాత సికింద్రాబాద్‌లో. ఆ పాత బ్యారకులకి చాలా చెడ్డ పేరుండేది, సైనికులు జబ్బులతో పిట్టల్లా రాలిపోయేవాళ్లు. 14 ఏళ్ల శిక్ష మీవాణ్ని బతికించిందేమో, ఎవరు చూశారు.

పెళ్లి గానీ, పిల్లల బాప్తిస్మం గానీ ఇక్కడ జరిగి ఉంటే దానికి ఎన్/2 అని మద్రాసు చర్చి రిటర్న్స్ (చర్చి రిజిస్టర్ల నకళ్లు) ఉంటాయి, అవీ బ్రిటిష్ లైబ్రరీవే. మీవాడు కాథలిక్ కాబట్టి ప్రొటెస్టెంట్లదైన సెయింట్ జాన్స్ చర్చిలో వెతికి టైం వేస్ట్ చేసుకోకండి (1813 నాటి చర్చి, చూడ్డానికి మాత్రం బాగుంటుంది).

పారమట్టా రావు:

పద్మ గారు చెప్పినదంతా కరెక్టే, ఒకటి కలుపుతా. సార్జెంట్‌ని కొట్టడం అనగానే కోపిష్టి అనుకోకండి. ఇండియాలో ఉన్న సైనికులు ఆస్ట్రేలియా వెళ్లాలనే కావాలని పైవాణ్ని కొడుతున్నారని అప్పటి అధికారులే గోల పెట్టేవాళ్లు. మాకు సిడ్నీలో దీనికి ప్రసిద్ధమైన కేసే ఉంది. 1826లో 57వ రెజిమెంట్ సైనికులు జోసెఫ్ సడ్స్, ప్యాట్రిక్ థాంప్సన్ ఇద్దరూ ఒక దుకాణంలోకి వెళ్లి అందరూ చూస్తుండగా బట్ట దొంగిలించారు. ఎందుకంటే సైనికుడి బతుకు కన్నా ఖైదీ బతుకే మేలని, శిక్ష అయిపోయాక భూమీ పుట్రా చూసుకోవచ్చని. గవర్నర్ డార్లింగ్‌కి ఒళ్లు మండి, ఇద్దరి మెడలకీ మేకులున్న ఇనప పట్టీలు, కాళ్లకి గొలుసులు వేయించి, యూనిఫాం విప్పించి, పటాలం ముందు ఊరేగించినట్టు పంపాడు. సడ్స్‌కి అప్పటికే ఒళ్లు బాగాలేదు, రోజుల్లోనే చచ్చిపోయాడు. పత్రికలు గవర్నర్‌ని ఉతికి ఆరేశాయి. ఆ 57వ రెజిమెంటే తర్వాత ఇక్కడి నుంచి మద్రాసుకి వెళ్లింది. న్యూ సౌత్ వేల్స్‌లో కాపలా కాసి ఇండియాకి మారిన పటాలాలు చాలానే ఉన్నాయి, కాబట్టి అక్కడి బ్యారకుల్లో ఆస్ట్రేలియా కబుర్లు బాగానే తిరిగి ఉంటాయి.

ఇంకో చిక్కు. ఒక రెజిమెంట్ ఇండియా నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు, ఉండిపోతామన్న సైనికులు బౌంటీ (ప్రోత్సాహకం) డబ్బు తీసుకుని ఇంకో రెజిమెంట్‌లోకి మారిపోయేవాళ్లు. అందుకని 1841లో ఉన్న రెజిమెంట్, 1843 రెజిమెంట్ వేరు కావచ్చు. నా సొంత వెతుకులాటలో దీని వల్ల ఒక ఏడాది గోవిందా.

హోబార్ట్ అల్లుడు:

అందరికీ వేల దండాలు. 1841 సూచికలో మావాడి పేరుతో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇద్దరున్నారు, వేరువేరు రెజిమెంట్లు. సిరా మరక ఉన్న స్కాన్‌ని పెద్దది చేసి, కలర్ తిప్పి తిప్పి చూస్తే రెండో అంకె మాత్రం కనబడుతోంది, ఇద్దరిలో ఒకరికే కలుస్తోంది. పద్మ గారూ, మీకు మెసేజ్ పెట్టా. మీరు వెళ్లినప్పుడు 1843 మస్టర్ ఒక్కటి తీసి చూడగలరా? ఖర్చు ఎంతైనా పంపుతా.

మామగారు వాటర్లూ పోయినందుకు రెండు రోజులు మాట్లాడలేదు. ‘డి’ సంగతి చెప్పాక మళ్లీ హుషారయ్యారు. అత్తగారు మాత్రం ప్రియురాలి థియరీ వదల్లేదు.

క్యూలైన్ పద్మ:

ఖర్చేం లేదండి, రీడర్స్ టికెట్ ఉంటే చాలు, మన కెమెరాతో ఫొటో తీసుకుంటే ఉచితం. గురువారం వెళ్లొచ్చా. అట్ట ఊడిన పెద్ద పుస్తకం, రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది, పేజీ తిప్పితే వేళ్లకి ఎర్రటి తోలు పొడి.

మీవాడున్నాడు. ఒక త్రైమాసికంలో పేరు ఎదురుగా ‘నిర్బంధంలో’ అని ఉంది. తర్వాతి పుస్తకంలో చివరి లిస్టులో ఉన్నాడు. పుట్టింది కార్క్, చేతిపని నేత (మీ హోబార్ట్ పేజీలో కూలి అని కదా? ఖైదీలు పని తగ్గించి చెప్పడం కొత్త కాదు, పైగా అక్కడ మగ్గంతో ఎవరికి పని), చేరింది 1834లో, ఎదురుగా ‘దేశాంతర శిక్ష’ అని రెండు మాటలు. జీతం కాలమ్‌లో అడ్డంగా ఒక గీత. వెనక్కి వెళ్లి 1839 పుస్తకాలు కూడా తీశా. అందులో తొమ్మిది రోజులు లేడు, పారిపోయాడు, పదో రోజు మళ్లీ వచ్చాడు. ‘డి’ అప్పటిదే అయ్యుండాలి. ఫొటోలన్నీ, రెజిమెంట్ నంబరూ మెసేజ్‌లో పంపా.

ఇక కార్క్ మీ పని. ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో కాథలిక్ పారిష్ రిజిస్టర్ల స్కాన్లు ఉచితంగా ఉన్నాయి, 1815కి అటూ ఇటూ ఐదేళ్లు చూడండి. కాన్ 33లో వయసుని మరీ నమ్మకండి. కొన్ని లాటిన్‌లో ఉంటాయి, చేతిరాత ఘోరం, కళ్లజోడు తుడుచుకుని కూర్చోండి.

హోబార్ట్ అల్లుడు:

మామగారు ఇప్పుడే ఫొటో చూశారు. తొమ్మిది రోజులు సికింద్రాబాద్‌లో ఎక్కడికి పోయుంటాడు అని నన్ను అడుగుతున్నారు, నేను ఆ ఊరివాణ్ని కాబట్టి నాకు తెలియాలట.

కార్ఖానా కుర్రాడు:

అన్నా, 1839లో ఆ పటాలం సికింద్రాబాద్‌లోనే ఉందో లేదో ముందు పద్మక్కని అడుగు. మస్టర్ పైన ఊరి పేరు రాసుంటది.