మద్రాస్ ట్రాక్‌కి పోలో 1.0 టీఎస్ఐ: పవర్ ముందా, బ్రేకులు ముందా?

పోరూరు_పోలో:
అన్నలూ, నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో మాన్యువల్, కంపెనీ ఇచ్చిన 110 పీఎస్‌ పవర్ మీదే ఉంది. రోజూ ఆఫీసుకి ఇదే, ట్రాక్ డే (సొంత కారు రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజు) ఉంటే ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్‌కీ ఇదే. నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతోంది. అయినా స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించాలని మనసు లాగుతోంది. ముందు ఏం చేయించమంటారు?

తాంబరం_టర్బో:
రీమ్యాప్ ఇప్పుడే వద్దు తమ్ముడూ. పెడల్ అలా దిగిపోతోందంటే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి లోపల ఆవిరి బుడగలు వస్తున్నట్టే. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, కానీ అది తేమ పీల్చుకుంటుంది, నీరు చేరాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోవచ్చు, మన చెన్నై గాలి సంగతి తెలిసిందేగా. సీల్ తీయని డబ్బా తెప్పించి ఫ్లూయిడ్ మొత్తం మార్పించు, ముందు చక్రాలకి ట్రాక్ ప్యాడ్లు వేయించు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే మాత్రం అది ప్యాడ్ల సమస్య.

వేళచ్చేరి_వీల్స్:
అవును, ముందు బ్రేకులే. చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పి డిస్కులు చల్లారనివ్వండి, పిట్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేర్‌లో పెట్టి ఆపండి. టైర్ ప్రెజర్ సెషన్ అవగానే వేడి మీదే చూసి తగ్గించుకోండి, ఇంటికి బయల్దేరే ముందు చల్లారాక మళ్లీ నింపండి, హైవే మీద తక్కువ గాలితో వెళ్లడం ప్రమాదం.

పోరూరు_పోలో:
థాంక్స్ అన్నా. రీమ్యాప్ డబ్బులు ప్యాడ్లకీ ఫ్లూయిడ్‌కే పెడతా. డాట్ 5.1 పోయొచ్చా?

తాంబరం_టర్బో:
పోయొచ్చు, అది కొత్తగా ఉంటే 260 దాకా ఆగుతుంది. డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్ రకం, డాట్ 4, 5.1లతో కలవదు.