బీబీఏలో మ్యాథ్స్ ఎంత ఉంటుంది? ఎవరైనా సూటిగా చెప్పండి

వైట్‌ఫీల్డ్ అన్న:
నిన్న సాయంత్రం నుంచి ఇదే పని. నాలుగు కాలేజీల సిలబస్ పీడీఎఫ్‌లు దించుకుని చూశాను, బుర్ర వేడెక్కడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఒకదాంట్లో బిజినెస్ మ్యాథమెటిక్స్ అని ఉంది, ఇంకోదాంట్లో క్వాంటిటేటివ్ టెక్నిక్స్, మరోదాంట్లో డెసిషన్ సైన్స్. ఒక కాలేజీకి ఫోన్ చేస్తే "మ్యాథ్సే ఉండదు సార్, వచ్చి సీటు బుక్ చేసుకోండి" అంటారు. అదే కాలేజీ సిలబస్‌లో మ్యాట్రిక్సులు కనిపిస్తున్నాయి! మా తమ్ముడికి మ్యాథ్స్ అంటే వణుకు. బీబీఏలో మ్యాథ్స్ ఎంత? వాడు గట్టెక్కుతాడా లేదా? ఇంతే నా ప్రశ్న.

సూటిగా:
ఏ యూనివర్సిటీ? ఇంటర్‌లో ఏ గ్రూపు? ఇవి లేకుండా జవాబు లేదు.

వైట్‌ఫీల్డ్ అన్న:
బెంగళూరే అండీ. బీబీఏ ఎక్కడైనా బీబీఏనే కదా.

సూటిగా:
కాదు.

జయనగర్ లెక్కలు:
ఆయన పొడిగా అన్నా మాట నిజమే. బెంగళూరు యూనివర్సిటీ మూడు ముక్కలైంది కదా: పాతది, సిటీ యూనివర్సిటీ, కోలారు వైపు నార్త్. వీటికి తోడు అటానమస్ కాలేజీలు, ప్రైవేటు యూనివర్సిటీలు. ఎవరి సిలబస్ వాళ్లదే. పైగా కర్ణాటకలో 2021-22 నుంచి ఎన్ఈపీ (జాతీయ విద్యా విధానం) స్కీము నడిచింది, 2024-25లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చేశారు. నెట్‌లో ముందు తగిలేవి తరచు పాత స్కీము పీడీఎఫ్‌లే. మొదటి పేజీలో ఏ విద్యాసంవత్సరం నుంచి అమలు అని ఉందో చూడండి, లేదంటే తమ్ముడు చదవని పేపరు చూసి మీరు భయపడుతుంటారు.

ఇక మామూలు బీబీఏ సంగతి. ఆరు సెమిస్టర్లలో పూర్తిగా లెక్కలతోనే నడిచే పేపర్లు సాధారణంగా రెండో మూడో.

బిజినెస్ మ్యాథ్స్: నిష్పత్తులు, శాతాలు, చక్రవడ్డీ, యాన్యుటీ (సమాన వాయిదాల లెక్క), శ్రేఢులు, 2×2, 3×3 మ్యాట్రిక్సులు. కొన్నిచోట్ల కొంచెం డిఫరెన్షియేషన్. ఆ డిఫరెన్షియేషన్ ఏ పాటిదో చూడండి. ధర = 100 − 2 × అమ్మకం, ఖర్చు = 200 + 20 × అమ్మకం. గరిష్ఠ లాభం ఎక్కడ? అమ్మకాన్ని క అనుకుంటే రాబడి 100క − 2క², దాని డెరివేటివ్ 100 − 4క. దాన్ని ఇంకో యూనిట్‌కి అయ్యే ఖర్చు 20తో సమానం చేస్తే క = 20, ధర 60, లాభం 600. ఇంతే. ఇంటర్ ఎంపీసీ వాళ్లు పడే కష్టంలో ఇది పదోవంతు కూడా కాదు. ట్రిగనామెట్రీ జోలికి దాదాపు ఎవరూ పోరు.

స్టాటిస్టిక్స్: సగటు, మధ్యగతం, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, రిగ్రెషన్, ఇండెక్స్ నంబర్లు, టైమ్ సిరీస్. పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. విషయం కష్టమై కాదు, ఏడు నిలువు వరుసల పట్టికలో ఒక్క మైనస్ గుర్తు జారితే కింది లైన్లన్నీ తప్పుతాయి. రిగ్రెషన్‌లో ఒక తనిఖీ గుర్తుంచుకోమనండి: రెండు గుణకాలకూ (మొదటిదాన్నుంచి రెండోదాన్ని, రెండోదాన్నుంచి మొదటిదాన్ని అంచనా వేసేవి) ఒకటే గుర్తు ఉండాలి, వాటి లబ్ధం 1 దాటకూడదు. ఒకటి 0.9, ఇంకోటి 0.4 అయితే లబ్ధం 0.36, కాబట్టి కోరిలేషన్ దాని వర్గమూలం, 0.6. లబ్ధం 2.7 వచ్చిందంటే ఏ సమీకరణం దేనిదో తారుమారు చేశాడన్నమాట.

ఆపరేషన్స్ రీసెర్చ్ ఉంటే అందులో గ్రాఫ్ మీద లీనియర్ ప్రోగ్రామింగ్, ట్రాన్స్‌పోర్టేషన్, అసైన్‌మెంట్ లెక్కలు. కూడిక, తీసివేత, ఓపిక చాలు.

బసవనగుడి కాసియో:
ఒక్క మాట, దీన్ని ఎవరూ చెప్పరు. సగం తప్పులు క్యాలిక్యులేటర్ వల్లే. కాసియో ఎఫ్ఎక్స్-82ఎంఎస్ చాలు, ప్రోగ్రామబుల్‌వి హాల్లోకి రానివ్వరు, 991 లాంటివి తీసుకునే ముందు పరీక్షల విభాగం నియమం చూడండి. 82ఎంఎస్‌లో ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) మోడ్‌లోకి వెళ్లాక ముందు షిఫ్ట్, క్లియర్, 1, ఈక్వల్స్ నొక్కి పాత డేటా తుడవాలి. తుడవకపోతే నిన్నటి లెక్క సంఖ్యలు ఇవాళ్టి లెక్కలో కలిసిపోతాయి, అది ఎర్రర్ కూడా చూపించదు. తర్వాత ఒక్కో సంఖ్య కొట్టి ఎం-ప్లస్.

ఇంకో తిరకాసు. షిఫ్ట్ 2 నొక్కితే రెండు డీవియేషన్లు కనిపిస్తాయి, ఎన్‌తో (ఎన్ని సంఖ్యలున్నాయో దాంతో) భాగించింది ఒకటి, ఎన్ మైనస్ 1తో భాగించింది ఒకటి. 4, 6, 8, 10, 12 కొట్టి చూడండి: ఒకటి 2.83, ఇంకోటి 3.16. బీబీఏ మొదటి స్టాట్స్ పేపర్లో ఎక్కువగా అడిగేది 2.83. శాంపిల్ అన్న మాట ప్రశ్నలో ఉంటే 3.16. ఇది తెలియక…

సూటిగా:
ప్రశ్న క్యాలిక్యులేటర్ గురించి కాదు.

బసవనగుడి కాసియో:
మ్యాథ్స్ ఎంత అని అడిగినవాళ్లకు మ్యాథ్స్ ఎలా తప్పుతుందో చెప్తే తప్పేంటండీ?

జమాఖర్చు:
అందరూ ఒకటి మరిచిపోతున్నారు. అకౌంట్స్, కాస్టింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ కూడా లెక్కలే. రెండో ఏడాది నుంచి అవే ముఖ్యం. స్థిర ఖర్చు 60,000, అమ్మకం ధర 50, యూనిట్‌కి అస్థిర ఖర్చు 30. ఒక్కో యూనిట్‌కి మిగిలేది 20, కాబట్టి 3,000 యూనిట్లు అమ్మితే లాభం లేదు నష్టం లేదు. అబ్బాయి దీన్ని సూత్రం లేకుండా ఆలోచించి చెప్పగలిగితే భయం అక్కర్లేదు.

పిల్లలకు అసలు రానివి శాతాలు. కొన్నది 80కి, అమ్మింది 100కి. కొన్నదాని మీద లాభం 25%, అమ్మినదాని మీద 20%. మొదటిది మార్కప్, రెండోది మార్జిన్. జీఎస్టీ కలిపి బిల్లు 1,180, రేటు 18% అంటే పన్ను ఎంత? 1,180లో 18% తీసి 212.40 అంటారు. తప్పు. 1,180ని 1.18తో భాగిస్తే 1,000, పన్ను 180.

జయనగర్ లెక్కలు:
శాతాల మాట ఒప్పుకుంటాను. కానీ అకౌంట్స్‌ను మ్యాథ్స్‌లో కలపకండి. అక్కడ ఉండేది కూడిక, తీసివేతే. ఏ పద్దు ఎటు వేయాలన్నదే కష్టం, అది నియమాల పని. మ్యాథ్స్ భయం ఉన్న పిల్లలు అకౌంట్స్‌లో బాగా నెట్టుకొస్తారు, ఇది వేరు చేసి చెప్పకపోతే అనవసరంగా బెదరగొట్టినట్టే.

జమాఖర్చు:
ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో ఎన్‌పీవీ (రాబోయే డబ్బు ఇవాళ్టి విలువలోంచి పెట్టుబడి తీస్తే మిగిలేది) ఏ పద్దండీ? లక్ష పెట్టుబడి, మూడేళ్లు ఏడాదికి 40,000 రాబడి. పైకి 20,000 లాభం. 10% డిస్కౌంట్ వేస్తే ఆ మూడు రాబడుల విలువ 99,474, అంటే 526 నష్టం. ఇది చక్రవడ్డీని తిరగేయడమే కదా? మ్యాథ్స్ కాక మరేంటి?

జయనగర్ లెక్కలు:
ఎన్‌పీవీ సరే. జర్నల్ ఎంట్రీ కాదు అన్నాను.

బసవనగుడి కాసియో:
ఆ ఎన్‌పీవీని ఎక్సెల్‌లో వేసేటప్పుడు మొదటి లక్షను ఫార్ములా బ్రాకెట్ లోపల పెట్టకూడదు. ఎక్సెల్ మొదటి సంఖ్యను ఏడాది చివర వచ్చిందనుకుంటుంది, అప్పుడు మైనస్ 526 బదులు మైనస్ 478 వస్తుంది. రాబడులు లోపల, పెట్టుబడి బయట కలపాలి.

వైట్‌ఫీల్డ్ అన్న:
అందరికీ దండం. మ్యాట్రిక్సులు 3×3తో సరి అంటే కొంచెం ఊరట. అయితే వాడి సిలబస్‌లో హైపోథిసిస్ టెస్టింగ్, పైథాన్, లాజిస్టిక్ రిగ్రెషన్ అని ఉన్నాయి. ఇవి కూడా కూడిక తీసివేతలేనా?

జయనగర్ లెక్కలు:
ఆగండాగండి. మామూలు బీబీఏలో లాజిస్టిక్ రిగ్రెషన్ ఎందుకుంటుంది? కోర్సు పూర్తి పేరు ఏంటి?

వైట్‌ఫీల్డ్ అన్న:
బీబీఏ బిజినెస్ అనలిటిక్స్. అటానమస్ కాలేజీ. వాడు విజయవాడలో సీఈసీ చేశాడు.

సూటిగా:
ఇది మొదటి లైన్లో రాయాల్సింది.

జయనగర్ లెక్కలు:
సీఈసీ అంటే మ్యాథ్స్ పదో తరగతితో ఆగిపోయింది. అయితే పైన నేను రాసింది సగమే మీకు వర్తిస్తుంది. ఫీజు కట్టేముందు ప్రాస్పెక్టస్‌లో అర్హత లైన్ చదవండి. మామూలు బీబీఏకి ఇంటర్ ఏ గ్రూపైనా తీసుకునే కాలేజీలే ఎక్కువ. అనలిటిక్స్, ఫైనాన్స్ ఆనర్స్ లాంటివాటికి 12లో మ్యాథ్స్ గానీ, బిజినెస్ మ్యాథ్స్ గానీ, స్టాటిస్టిక్స్ గానీ ఉండాలని అడిగేవి కొన్ని ఉన్నాయి. ఫోన్లో "ఏం ఫర్వాలేదు" అంటే నమ్మకండి, మెయిల్‌లో రాయించుకోండి.

చేరితే రెండో సెమిస్టర్ నుంచి ప్రాబబిలిటీ వస్తుంది, అది సూత్రాలతో దాటేది కాదు. ఉదాహరణకు 10,000 లావాదేవీల్లో 100 మోసాలు. పట్టే సాఫ్ట్‌వేర్ మోసాల్లో 90% పట్టేస్తుంది, మంచివాటిలో 5% మీద కూడా గంట కొడుతుంది. గంట మోగితే అది నిజంగా మోసం అయ్యే అవకాశం ఎంత? 90 అంటారు అందరూ. నిజానికి మోగిన 585 గంటల్లో 90 మాత్రమే మోసాలు, అంటే సుమారు 15%. ఇది అర్థమైతే బేయిస్ సిద్ధాంతం వచ్చినట్టే. అలాగే పీ వాల్యూ 0.03 వస్తే "మన ఊహ 97% నిజం" అని రాస్తారు, మార్కులు పోతాయి. అది చెప్పేది వేరు: అసలు తేడా ఏమీ లేకపోతే ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం 3% అని.

పైథాన్ లెక్క కట్టిపెడుతుంది. వచ్చిన అంకెకు అర్థం చెప్పడం వాడి పని. చేత్తో చేసే లెక్క మామూలు బీబీఏ కన్నా తక్కువే ఉండొచ్చు, ఆలోచన మాత్రం ఎక్కువ.

అడయార్:
చెన్నై నుంచి. తమిళనాడు ప్రభుత్వం 11, 12 తరగతులకు బిజినెస్ మ్యాథ్స్ అండ్ స్టాటిస్టిక్స్ పుస్తకాలు వేస్తుంది, ఇంగ్లీషులోనూ ఉన్నాయి, ఉచితంగా దించుకోవచ్చు. సీఈసీ పిల్లలకు బాగా పనికొస్తాయి. 12లో ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు వదిలేయండి. ర్యాండమ్ వేరియబుల్స్, డిస్ట్రిబ్యూషన్లు, శాంప్లింగ్, ఇండెక్స్ నంబర్లు చదివితే చాలు.

జయనగర్ లెక్కలు:
అంత దూరం ఎందుకు, కర్ణాటక పీయూసీ కామర్స్ వాళ్ల బేసిక్ మ్యాథ్స్ పుస్తకాలు అవెన్యూ రోడ్డులో పాతవి దొరుకుతాయి. మొదటి ఏడాది పుస్తకంలో వడ్డీ, యాన్యుటీ, శాతాలు, సగటు. ముందు అవి.

అంతకన్నా ముందు వాడిని కూర్చోబెట్టి ఒకటి చేయించండి: 50,000 మీద 8% వడ్డీ, మూడు నెలలకోసారి కలిపితే రెండేళ్లకు ఎంత? 8 శాతాన్ని 2 చేసి, రెండేళ్లను 8 కాలాలు చేసుకుంటే 58,583. రేటు మార్చకుండా 8% మీదే 8 కాలాలు లాగేశాడంటే మొదటి సెమిస్టర్ బిజినెస్ మ్యాథ్స్‌కే రోజూ ఓ గంట కావాలి.

జమాఖర్చు:
సీఏ ఫౌండేషన్ కూడా ఆలోచిస్తున్నారా? మూడో పేపరు 100 మార్కులకు క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, అందులో బిజినెస్ మ్యాథ్స్ 40, లాజికల్ రీజనింగ్ 20, స్టాట్స్ 40, తప్పుకు పావు మార్కు కోత. బీబీఏ చదువుతూనే…

సూటిగా:
ఆయన సీఏ అడగలేదు.

జమాఖర్చు:
రేపు ఎంబీఏ అంటారు, క్యాట్‌లో క్వాంట్ వస్తుంది. అప్పుడూ శాతాలే, నిష్పత్తులే.

వైట్‌ఫీల్డ్ అన్న:
ఆ వడ్డీ లెక్క ఇప్పుడే ఇచ్చాను. 92,546 వేశాడు.

బసవనగుడి కాసియో:
8% మీద 8 కాలాలు. క్యాలిక్యులేటర్ మాత్రం కరెక్టుగానే నొక్కాడు.

జయనగర్ లెక్కలు:
అయితే సమస్య మ్యాథ్స్ కాదు, ప్రశ్న చదవడం. మామూలు బీబీఏ హాయిగా గట్టెక్కుతాడు. అనలిటిక్స్‌కి మాత్రం జూన్‌లో ఆ పుస్తకం ముందేసుకోవాలి. అర్హత లైన్ చూశారా?

వైట్‌ఫీల్డ్ అన్న:
మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. శనివారం అవెన్యూ రోడ్డు వెళ్తాం. థ్యాంక్సండీ.

కొత్తగా చేరా:
82ఎంఎస్ కొన్నాను, ఎస్‌డీ మోడ్ నుంచి బయటికి ఎలా రావాలి? ఏది నొక్కినా డేటా అడుగుతోంది.