యూరయా హీప్‌ను విమర్శకులు సరిగ్గా విన్నారా?

కొర్లగుంట శ్రోత, తిరుపతి

గత నెల మా అక్క మనవరాలు సెలవులకు వచ్చి నా రికార్డుల పెట్టె సర్దుతూ యూరయా హీప్ అనే బ్రిటిష్ రాక్ బృందం రికార్డు ‘లుక్ ఎట్ యువర్‌సెల్ఫ్’ దగ్గర ఆగింది. ఫోనులో ఆ బృందం పేరు వెతికి, వాళ్ల తొలి ఆల్బమ్‌పై 1970లో రోలింగ్ స్టోన్ పత్రికలో వచ్చిన సమీక్ష చదివి వినిపించింది. ఈ బృందం పైకి వస్తే తాను ఆత్మహత్య చేసుకోవలసి ఉంటుందని ఆ సమీక్షకురాలు రాశారు. మొదటి స్వరం వినగానే ఇక వినాలని ఉండదట. “వీళ్లు అంత బాగా లేరా తాతయ్యా?” అని పిల్ల అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఆ రికార్డు 1982లో కొన్నాను. అప్పుడు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. స్నేహితుడితో మద్రాసు వెళ్లి, సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల మధ్య దాన్ని చూశాను. బ్రిటన్‌లో అచ్చయిన ప్రతి అది. అట్ట మీద అద్దంలా మెరిసే వెండి కాగితం అంటించి ఉంటుంది, చూసేవారి ముఖం అందులో కనిపిస్తుంది. నాకు దొరికిన దానిలో ఆ కాగితం ముడతలు పడి, నా ముఖం నాలుగు ముక్కలుగా కనిపించింది. ముప్పై రూపాయలు. తిరుగు ప్రయాణంలో టిఫినుకు డబ్బులు మిగల్లేదు.

నేను పెరిగింది గోష్ఠి గానంలో. ధనుర్మాసంలో తెల్లవారకముందే మా నాన్నగారు చన్నీళ్ల స్నానం చేయించి గోవిందరాజస్వామి గుడికి తీసుకువెళ్లేవారు. అక్కడ ఇరవై గొంతులు కలిసినా వినిపించేది ఒకే స్వరం. అందరూ ఒకే చోట నిలబడతారు, ఒకే చోటికి కదులుతారు. ఈ రికార్డులో ‘జులై మార్నింగ్’ పాట విన్నప్పుడు మొదటిసారి తెలిసింది, గొంతులు ఒక్కొక్కటి ఒక్కొక్క మెట్టు మీద నిలబడి కూడా కలిసి నడవగలవని. ఆ రాత్రి మా మేడ మీద దాన్ని ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు.

లెడ్ జెపెలిన్, బ్లాక్ సబాత్ అనే రాక్ బృందాలను కూడా రోలింగ్ స్టోన్ పత్రికే మొదట్లో తిట్టింది. తర్వాత వాళ్లకు పీట వేసింది. జెపెలిన్ 1995లో, సబాత్ 2006లో, అలాంటిదే మరో బృందం డీప్ పర్పుల్ 2016లో, గొప్ప రాక్ కళాకారులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. యూరయా హీప్‌కు ఆ పిలుపు రాలేదు. వాళ్లకు జరిగింది అన్యాయమా, లేక పాత రికార్డు మీద ప్రేమతో నేనే ఎక్కువగా చూస్తున్నానా?

కట్టమంచి అధ్యాపకురాలు, చిత్తూరు

నమస్కారం సార్. ఆ సమీక్ష క్రూరమైనదే, నేను దాన్ని సమర్థించను. కానీ విమర్శకుల అభ్యంతరాలన్నీ తప్పని అనలేను.

నేను ఆంగ్ల సాహిత్యం చెబుతాను, కాబట్టి పేరుతోనే మొదలుపెడతాను. యూరయా హీప్ అంటే డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలలో చేతులు నలుపుకుంటూ వినయం నటించే గుమాస్తా. 1970 డికెన్స్ మరణించి నూరేళ్లు నిండిన సంవత్సరం, లండన్‌లో ఎటు చూసినా ఆయన పేరే. అంతవరకు స్పైస్ అనే పేరుతో ఉన్న బృందం ఈ పేరు పెట్టుకుంది. ఇంత మంచి పేరు పెట్టుకున్నవారు మాటల విషయంలో అంతే శ్రద్ధ చూపారా? లేదు. 1972లో వచ్చిన రెండు ఆల్బమ్‌లలో మాంత్రికులు, భూతాలు, ఇంద్రధనుస్సులే మళ్లీ మళ్లీ వస్తాయి. రాక్ సంగీతం గురించి రాసినవారు ముందు రచయితలు. మాట బలహీనంగా ఉంటే వారి చెవి అక్కడే ఆగిపోతుంది, దానికి వారిని పూర్తిగా తప్పు పట్టలేము.

ఇంకొకటి. 1970 జూన్ నుంచి 1972 నవంబరు వరకు రెండున్నరేళ్లలో ఐదు ఆల్బమ్‌లు తెచ్చారు. ఏ బృందానికైనా అది ఎక్కువే. ఆ ఐదింటిలో మంచి పాటలు ఏరితే రెండు గొప్ప ఆల్బమ్‌లు అవుతాయి. తొందరపడకుండా ఉంటే ఈ చర్చే వచ్చేది కాదని నా నమ్మకం.

ఆర్కెస్ట్రా కీబోర్డు వాద్యకారుడు, పుత్తూరు

సార్, మేడమ్, ఇద్దరికీ నమస్కారం. ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లలో, జాతరలలో కీబోర్డు వాయిస్తున్నాను. మాటల గురించి నాకు చెప్పడం రాదు, ధ్వని గురించి చెబుతాను.

ఈ బృందంలో కెన్ హెన్స్‌లీ వాయించింది హామండ్ ఆర్గన్. దాని స్పీకరు పెట్టెలో పైన ఒక కొమ్ము తిరుగుతూ ఉంటుంది, అందుకే ఆ ధ్వని అలలా వణుకుతుంది. చర్చిలో వినిపించే ఆ మెత్తని ధ్వనిని హెన్స్‌లీ గిటారులా గరగరలాడేలా పెంచి వాయించారు. ఆ గరుకుదనం మిక్ బాక్స్ గిటారుతో కలిసిపోతుంది, ఏది ఆర్గన్, ఏది గిటారు అని కొన్ని చోట్ల విడదీయలేము. దీనికోసం నేను నా కీబోర్డులో ఎన్ని మీటలు తిప్పినా సగమే వచ్చింది.

సార్ చెప్పిన మెట్ల సంగతికి వస్తాను. ప్రధాన గాయకుడు డేవిడ్ బైరన్ అసలు స్వరం పాడుతుంటే మిగిలినవారు దానికి మూడో స్వరం, ఐదో స్వరం పట్టుకుంటారు. దాని పైన ఒక సన్నని గొంతు ఎక్కడో ఆకాశంలో నిలుస్తుంది. 1972 తొలినాళ్లకు లీ కర్‌స్లేక్ డ్రమ్ములకు, గ్యారీ థేన్ బేస్ గిటారుకు వచ్చాక ఈ అమరిక ఇంకా బిగిసింది. ‘ఈజీ లివిన్’ మూడు నిమిషాలు కూడా ఉండదు, చివర్లో ఆ గొంతులు ఎలా పేరుకుంటాయో వినండి. ఈ పాట అమెరికా జాబితాలో 39వ స్థానానికి చేరింది. క్వీన్ బృందం గొంతుల పొరలకు ఇప్పుడు అందరూ దండం పెడతారు, వాళ్ల మొదటి ఆల్బమ్ 1973లో వచ్చింది. సంవత్సరాలు చూసుకుంటే చాలు.

థేన్ బేస్ కూడా వినండి. ఆ బేస్ పక్కన మరో పాట పాడుతున్నట్టు ఉంటుంది. 1974లో డాలస్ వేదిక మీద ఆయనకు కరెంటు షాకు కొట్టింది. మరుసటి ఏడాది డిసెంబరులో, 27 ఏళ్లకే పోయారు. వేదిక మీద పనిచేసేవాడిగా ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నేను వైర్లు మరోసారి చూసుకుంటాను.

చంద్రగిరి నుంచి, ఇప్పుడు బెంగళూరులో

నేను ఉద్యోగం మీద రెండేళ్లు బల్గేరియాలో ఉన్నాను. అక్కడ జూన్ 30 రాత్రి జనం నల్ల సముద్రం ఒడ్డుకు వెళ్లి, తెల్లవార్లూ మేలుకుని, జులై 1 సూర్యోదయం చూస్తారు. 1980లలో వర్ణ నగరంలో మొదలైన ఆచారం ఇది. దాని పేరు ‘జులై మార్నింగ్’. అవును, ఈ పాట పేరే.

సహోద్యోగులు నన్ను కామెన్ బ్రయాగ్ అనే ఊరికి తీసుకువెళ్లారు. రాతి గట్టు, కింద సముద్రం, బాగా చలి. నా పక్కన కూర్చున్న పెద్దావిడకు ఇంగ్లీషు రాదు. సూర్యుడు నీటిలోంచి పైకి రాగానే పాట మొదలైంది, ఆవిడ మాటలు లేకుండా రాగం ఒక్కటే పాడుతూ ఏడ్చారు. కమ్యూనిస్టు ప్రభుత్వపు నియంత్రణల కాలంలో ఆ పాట తమకు ఏమిటో నా మిత్రుడి తండ్రి తర్వాత వివరించారు. తలనీలాలిచ్చి కొండ దిగి వచ్చేవారి ముఖాలు చూస్తూ పెరిగినవాడిని నేను. ఆ ఉదయం అక్కడి ముఖాలు నాకు కొత్తగా అనిపించలేదు.

కొర్లగుంట శ్రోత, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. చంద్రగిరి తమ్ముడు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మనవరాలు ఆ సముద్రపు ఒడ్డు ఫోటోలు వెతికి చూపించింది.

అధ్యాపకురాలమ్మా, మాటల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. 1975 తర్వాతి ఆల్బమ్‌లను నేను కూడా సమర్థించలేను. 1976లో బైరన్‌ను తొలగించేనాటికే ఆ తొలి వెలుగు తగ్గింది. కానీ తొందర గురించి ఒక్క మాట. మొదటి మూడు ఆల్బమ్‌లకు ప్రతిసారీ డ్రమ్ముల దగ్గర మనిషి మారుతూనే ఉన్నాడు. ఇల్లు కుదురుగా లేని ఆ రోజుల్లోనే వాళ్లు ‘సాలిస్‌బరీ’ అనే పదహారు నిమిషాల పాటకు 24 మంది వాద్యకారులను కూర్చోబెట్టారు. అందులో కొన్ని చోట్ల అతుకులు కనిపిస్తాయి. అయినా అది తొందరలో చుట్టబెట్టిన పని కాదు. ఏదో పెద్దది కట్టాలని తపించినవారి పని.

నా అసలు అభ్యంతరం కొలబద్ద మీద. ఆనాటి అమెరికా విమర్శకులు బ్లూస్ అనే అమెరికా నల్లజాతివారి పాటల మూలాన్ని వెతికారు. ఒక మనిషి, ఒక గిటారు, తన బాధ తాను చెప్పుకోవడం వాళ్లకు నిజాయితీ. యూరయా హీప్ చేసింది బృందగానం, నాటకం. హరికథకు వచ్చి పద్యకవిత్వపు గుణదోషాలు లెక్కపెట్టినట్టు వాళ్లు విన్నారు. హార్మోనియం ఎలా ఉంది, వంత పాడేవారు ఎలా అందుకున్నారు అని ఎవరూ అడగలేదు. పుత్తూరు తమ్ముడు చెప్పిన ఆ మెట్ల గురించి ఆ సమీక్షలలో ఒక్క వాక్యం ఉన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

‘జులై మార్నింగ్’ చివర్లో చాలాసేపు మెలికలు తిరుగుతూ వినిపించే ఆ సింథసైజర్ వాయించింది మరో బృందం నడిపే మాన్‌ఫ్రెడ్ మాన్. ‘లుక్ ఎట్ యువర్‌సెల్ఫ్’ టైటిల్ పాటలో తాళవాద్యాలు ఒసిబిసా బృందం సభ్యులవి. వాళ్ల మూలాలు ఘనాలో. తోటి కళాకారులు వచ్చి ఇలా చేయి కలిపిన రికార్డు అది. వాద్యకారుల దగ్గర ఆ గౌరవం వాళ్లకు అప్పుడే ఉంది.

హెన్స్‌లీ, కర్‌స్లేక్ ఇద్దరూ 2020లో రెండు నెలల లోపు తేడాతో వెళ్లిపోయారు. మొదటి రోజు నుంచి ఉన్న మిక్ బాక్స్ ఇంకా అదే పేరు మోస్తున్నారు.

అమ్మా, చిత్తూరు నుంచి బస్సులో రెండు గంటలు కూడా పట్టదు. వచ్చే ఆదివారం ఉదయం మా ఇంటికి రండి. పుత్తూరు తమ్ముడూ, మీరు కీబోర్డు తెచ్చుకోండి. ఏ గొంతు ఏ స్వరం మీద నిలబడిందో మేడమ్‌కు వాయించి చూపించాలి. రికార్డ్ ప్లేయరుకు ముల్లు గత వారమే మార్చాను. మొదటి వైపు చివరి పాట దగ్గర నుంచి మొదలుపెడదాం.