ఆరుగురు, నాలుగు వైట్ వైన్లు: ఏ వరసలో, ఎంత చల్లగా?

ప్రశ్న: రుచి పోల్చి చూద్దామని తక్కువ ధరవే తెస్తున్నాం. సోవిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్, రీస్లింగ్, ఓక్ పీపాలో ఉంచిన షార్డొనే, ఒక్కో సీసా. ఏది ముందు పోయాలి? లేబుల్ చూసి మార్కులేయకుండా ఉండేదెలా?

జవాబు: తలా 50 మి.లీ. చాలు. 750 మి.లీ. సీసాలో ఆరుగురికి 300 పోతే రెండో రౌండుకీ ఉంటుంది. సోవిన్యాన్, షెనిన్, షార్డొనే వరసలో పోయండి. రీస్లింగ్ డ్రై (తీపి లేనిది) అయితే మొట్టమొదట, తీపిదైతే ఆఖర్న. తీపిది ముందు తాగితే తర్వాతది వట్టి పులుపే అనిపిస్తుంది, పాపం దాని తప్పేం లేకపోయినా.

జవాబు: వరస కంటే చల్లదనమే కొంప ముంచుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోస్తే 4–5 డిగ్రీల్లో వాసన ముడుచుకుపోతుంది. చౌక వైన్ లోపాలు దాగేదీ అక్కడే! పావుగంట, ఇరవై నిమిషాలు బయట పెట్టి 9–10 డిగ్రీలకు రానివ్వండి. షార్డొనేకి 12.

జవాబు: సీసాలకు కాగితం సంచి తొడిగి నంబరు వేయండి. మూతలు కూడా దాచాలి, స్క్రూ క్యాప్ కనిపిస్తే చౌకదని తేల్చేస్తారు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం, ఆ సీసా పక్కన పెట్టేయండి. రీస్లింగ్‌లో కిరోసిన్ వాసన మాత్రం ఆ ద్రాక్ష సహజ గుణమే.

ప్రశ్న: పండు వాసన ఉంటే తీపనే అనిపిస్తుంది కదా?

జవాబు: ముక్కు మూసుకుని గుటక వేయండి. అప్పుడూ నాలుక మీద తీపి తగిలితే చక్కెర ఉన్నట్టే.