‘రిజెక్ట్ చేశారు’ అనే మాటను ఇంట్లో ఏమని చెప్పాలి?

మల్కాజిగిరి అమ్మ:
మా అబ్బాయికి నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో చదువు వీసా రాలేదు. ఇది రెండోసారి. అత్తయ్య అడిగితే ‘రిజెక్ట్ చేశారు’ అనేశాను. ‘అంటే తిరస్కరించారా? పిల్లవాడు ఏం తప్పు చేశాడు?’ అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాళ్లిచ్చిన కాగితాన్ని వాడు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు, ఎవరికీ చూపించడం లేదు. దీనికి సరైన తెలుగు మాట ఏమిటండీ?

పాత డెస్కు:
ఒక్క మాటతో సరిపోదండీ. పత్రికలో నామినేషన్‌ను తిరస్కరిస్తారు, బెయిలు నిరాకరిస్తారు, పిటిషన్‌ను కొట్టివేస్తారు, ఆరోపణలను తోసిపుచ్చుతారు. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే మా పెద్దాయన ఎర్ర సిరాతో చుట్టి వెనక్కి పంపేవారు. తిరస్కరణ అంటే ఒప్పుకోకపోవడం, అంతే. తిరస్కారంలో చిన్నచూపు కూడా ఉంది. సంస్కృతంలో తిరస్కరిణి అంటే తెర. మనిషిని తెర వెనక్కి నెట్టేసినట్లన్న మాట. మీ అత్తయ్యగారికి వినిపించింది అదే.

చెల్లెలి అన్న:
మా చెల్లెలికి మూడు సంబంధాలు తప్పిపోయాయి. మధ్యవర్తి ఒక్కసారి కూడా ‘వద్దన్నారు’ అనలేదు, ‘జాతకాలు కలవలేదు బాబూ’ అనేవాడు. పెళ్లి సంబంధాల వెబ్‌సైటులో దాని ఫోటో కింద ‘తిరస్కరించబడింది’ అని చూసిన రోజు గుండె కలుక్కుమంది.

అక్క ఇచ్చిన ప్రాణం:
నాకు మా అక్క కిడ్నీ ఇచ్చింది. కొన్ని నెలలకు రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ సరిగా పనిచేయడం లేదన్న సూచన. డాక్టరమ్మ ‘రిజెక్షన్’ అనగానే అక్క ముఖం వాడిపోయింది, తను ఇచ్చినదే మంచిది కాదేమోనని. డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ‘మీ కిడ్నీ బంగారమమ్మా. తమ్ముడి రోగనిరోధక శక్తి దాన్ని పరాయిదనుకుని దాడి చేస్తోంది, ఆ దూకుడు తగ్గించాలి’ అన్నారు. మందులు మార్చారు, క్రియాటినిన్ దిగింది. ఉదయం, సాయంత్రం గడియారం చూసి ఇప్పటికీ వేసుకుంటున్నాను. మా ఇంట్లో మాత్రం దాన్ని ‘ఒంటికి పడకపోవడం’ అనే అంటాం. అక్క కోసం.

రెండుసార్లు వెళ్లినవాణ్ణి:
అమ్మా, ఆ కాగితంలో 214(బి) అని ఉందా? చదువు కాగానే తిరిగి వస్తాడన్న నమ్మకం అధికారికి కలగలేదని దాని అర్థం. తప్పు చేశాడని కాదు. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ‘వీసా ఇవ్వలేదు’ అనండి చాలు.

మల్కాజిగిరి అమ్మ:
అవును, 214(బి)యే. అత్తయ్యకు అలాగే చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘అయితే చిలుకూరులో ఆ 11 ప్రదక్షిణలూ మళ్లీ మొదటి నుంచి చేయాలా?’ అని వాణ్ణి అడిగారు. వాడు జేబులోంచి కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు.